బిడ్డ పేరున రాసిన పద్దులు

ఖజానా శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని. మా ఆఫీసులో డబ్బు ఎంత ఖర్చయిందన్నది తర్వాతి సంగతి, ఏ పద్దు కింద ఖర్చయిందన్నది ముందు చూసేవాళ్లం. అంకెలన్నీ సరిపోయినా పద్దు తప్పితే బిల్లు వెనక్కి పోవాల్సిందే. ఆ చాదస్తం రిటైరయ్యాక కూడా వదల్లేదు. అందుకేనేమో, మా బంధువర్గంలో ఎవరింట కాన్పు దగ్గరపడినా వాళ్లు వేసుకున్న బడ్జెట్ నా ముందుకొస్తుంది. ఫోన్లో ఎక్సెల్ షీటు తెరిచి చూపిస్తారు. ఉయ్యాల, స్ట్రోలర్, డైపర్లు, దోమతెర, స్టెరిలైజరు, కెమెరా ఉన్న మానిటరు. అన్నీ బిడ్డ పేరునే ఉంటాయి. తల్లి పేరున ఒక్క గడి ఉండదు. చుట్టాల పేరున అసలే ఉండదు. ఏడాది గడిచాక చూస్తే డబ్బులో పెద్ద భాగం ఆ రెండు చోట్లకే పోయి ఉంటుంది. బిడ్డకు నిజంగా అయ్యేది అనుకున్నంత ఉండదు. నేను చూసినవీ చేసినవీ వరసపెట్టి చెబుతాను. వరసకు ప్రత్యేకమైన అర్థమేమీ లేదు, మొదటిదానికి తప్ప.

1. మొదటి పద్దు తల్లి జీతం

పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో, కాన్పుకు ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన ఆడవాళ్లకు మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాల జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం. 2017లో సవరించక ముందు అది 12 వారాలే. ఇప్పుడొక చిన్న తీసివేత చేయండి. ఆ 26లో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కాళ్లు వాచి, నడుం పట్టేసి, ముందే ఇంట్లో కూర్చున్న అమ్మాయికి బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలల పైచిలుకు. డాక్టర్లేమో ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దంటారు. నడుమ రెండు నెలలు ఏ పద్దులోకీ రాకుండా మిగిలిపోతాయి. ఆ రెండు నెలలూ జీతం లేని సెలవు పెట్టాలి, లేకపోతే పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకు పోవాలి.

నెలకు 35 వేలు తెచ్చుకునే అమ్మాయికి ఇది 70 వేల రూపాయల ఖర్చు. షీటులో రాసుకున్న స్ట్రోలరూ ఉయ్యాలా మానిటరూ కలిపినా సాధారణంగా ఇంత కాదు. కాని ఇది ఎవరి షీటులోనూ నాకు కనిపించలేదు, ఎందుకంటే ఇది దుకాణంలో కొనే వస్తువు కాదు. గర్భం నిలిచిందని తెలిసిన నెల నుంచే ఈ మొత్తాన్ని విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేయడం మొదలుపెట్టండి. తొమ్మిది నెలలు పంచితే నెలకు ఎనిమిది వేల లోపే.

చిన్న బడిలో టీచరు, బ్యూటీ పార్లర్‌లో పనిచేసే అమ్మాయి, ఇంట్లో మిషను కుట్టుకునే ఆవిడ, వీళ్ల సంగతి వేరు. వాళ్లకు కాన్పంటే ఆ రోజు నుంచే ఆదాయం ఆగిపోవడం. అలాంటి ఇళ్లలో ఉయ్యాల గురించి మాట్లాడే ముందు ఆరు నెలల ఇంటద్దె ఎక్కడుందో చూసుకోవాలి.

2. పుట్టింట్లో పురుడంటే ఉచితమని కాదు

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. మంచి ఆనవాయితీయే. బాలింత మధ్యాహ్నం పన్నెండింటిదాకా నిద్రపోయినా ఎవరూ ఏమీ అనని ఇల్లు అదొక్కటే. కాని అక్కడ ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందో చూసే అలవాటు అత్తింటివాళ్లకు తక్కువ. సీమంతం చేసి తీసుకొచ్చింది మొదలు, మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి పంపేదాకా ఆ ఇంటి పెద్దాయన చేతిలోంచి డబ్బు కారిపోతూనే ఉంటుంది. పథ్యానికి పాతబియ్యం, నెయ్యి, శొంఠి. బిడ్డకు నలుగుపెట్టి నీళ్లు పోసే ఆవిడకు రోజుకూలీ, చివర్లో చీర. చూడ్డానికి వచ్చిపోయేవాళ్లకు కాఫీలూ భోజనాలూ. ఆయన పెన్షనరైతే దాచుకున్న ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి గడువుకు ముందే తీయాల్సి వస్తుంది. నోరెత్తి ఒక్కరూ చెప్పరు.

అల్లుడు డబ్బు తెచ్చి చేతిలో పెడితే మామగారు నొచ్చుకుంటారు. అదీ నిజమే. చేతిలో పెట్టకుండానే ఇవ్వొచ్చు. ఆస్పత్రి అడ్వాన్సు మీరే కౌంటర్లో కట్టేయండి. నీళ్లు పోసే ఆవిడ కూలీ నెలనెలా ఆమె ఫోనుకే పంపండి. సరుకులు నేరుగా ఆ ఇంటికి ఆర్డరు పెట్టండి. మా అల్లుడు ఇలాగే చేశాడు. మొదటి నెల మా ఆయన మొహం గంటుపెట్టుకున్నారు, రెండో నెల నుంచి ఏమీ అనలేదు.

సారె మాత్రం అల్లుడు వద్దంటే చెల్లదు, మర్యాదకు అన్నాడనుకుంటారు. అత్తగారు వద్దనాలి. అదీ నలుగురూ వినేలా అనాలి.

3. కాన్పు ఖర్చుకు మూడు అంకెలు రాసుకోండి

మామూలు కాన్పుకు ఒకటి, సిజేరియన్‌కు ఒకటి, బిడ్డను నాలుగు రోజులు నవజాత శిశువుల ఐసీయూలో ఉంచాల్సి వస్తే ఒకటి. రెండోదాన్ని అరుదనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 42, దేశం మొత్తం మీద 21. కాబట్టి మన దగ్గర మామూలు కాన్పు అంకె పట్టుకుని బడ్జెట్ వేయడం ఆశ మీద వేయడమే.

ఆస్పత్రివాళ్లు ప్యాకేజీ చెప్పినప్పుడు అందులో ఏముందన్నది కాదు, ఏం లేదన్నది అడగాలి. పిల్లల డాక్టరు ఫీజు ఉందా? మత్తు డాక్టరుది? బిడ్డకు కామెర్లు వచ్చి నీలం లైటు కింద పెడితే అది విడిగా కట్టాలా? పుట్టిన పిల్లల్లో కామెర్లు చాలా మామూలు. లైటు కింద పెట్టాల్సి వస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి కూడా. కాని ప్యాకేజీలో లేకపోతే బిల్లు చూసి పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి. గది మారితే డాక్టరు ఫీజు కూడా మారే ఆస్పత్రులున్నాయి. అదీ ముందే కనుక్కోండి.

ఇన్సూరెన్సు సంగతి. సొంతంగా కొన్న పాలసీల్లో కాన్పు ఖర్చు రావాలంటే నెలల నుంచి ఏళ్లదాకా ఆగాల్సిన గడువు ఉంటుంది. గర్భం వచ్చాక కొంటే పనికిరాదు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో ఆ గడువు తరచూ ఉండదు. రెండింటిలోనూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: బిడ్డకు మొదటి రోజు నుంచి వర్తిస్తుందా, 90 రోజుల తర్వాతా? బిడ్డ పేరు చేర్చడానికి ఇన్ని రోజులని గడువు ఉంటుంది. బారసాల హడావుడిలో అది దాటిపోకుండా చూసుకోవడం తండ్రి పని.

ప్రభుత్వాస్పత్రి సంగతి మధ్యతరగతి ఇళ్లలో ఎత్తితే చిన్నబుచ్చుకుంటారు. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద అక్కడ సిజేరియనుతో సహా కాన్పు ఉచితం. మందులు, పరీక్షలు, భోజనం, రానూపోనూ బండి ఉచితం. బిడ్డకు ఏడాది నిండేదాకా జబ్బుచేసినా వైద్యం ఉచితం. జిల్లా కేంద్రాల్లో పసిబిడ్డల ప్రత్యేక వార్డులు కూడా ఉన్నాయి. కాన్పు ఎక్కడ చేయించుకున్నా సరే, దగ్గర్లోని అలాంటి వార్డు ఎక్కడుందో తెలుసుకుని ఉండండి. ప్రైవేటులో రోజుకు వేలల్లో పోతున్నప్పుడు ఆ చిరునామా అక్కరకొస్తుంది.

4. టీకాల్లో పొదుపు చేయొచ్చు, టీకాలతో కాదు

ప్రభుత్వం ఉచితంగా వేసేవి చాలానే ఉన్నాయి. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, రోటా వైరస్ చుక్కలు. న్యుమోనియాకు పీసీవీ 6, 14 వారాలకు, మళ్లీ 9 నెలలకు. 9 నెలలు నిండాక తట్టు-రూబెల్లా. రోటా చుక్కల్లో ఒక రకం రోటావాక్, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో తయారైంది. 2016లో ఆ చుక్కల్ని ఉచిత జాబితాలో చేర్చినప్పుడు ముందుగా వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇవే టీకాలు బయట వేయిస్తే ఏడాదికి వేలల్లో అవుతుంది. వాటిలో ఎక్కువ వాటా నొప్పి తక్కువుండే రకం పెంటావాలెంటుకూ, పీసీవీకీ పోతుంది. నొప్పీ జ్వరమూ తక్కువన్నది నిజం. రక్షణలో మాత్రం ఉచిత టీకా తీసిపోదు.

నా సలహా అడిగితే, ఉచితంగా ఉన్నవి ఆరోగ్య కేంద్రంలో వేయించి, మిగిలిన డబ్బును ఉచిత జాబితాలో లేనివాటికి పెట్టండి. ఫ్లూ టీకా, టైఫాయిడ్ టీకా లాంటివి. ఏది ఎప్పుడన్నది పిల్లల డాక్టరే చెప్పాలి.

5. గుడ్డలు, డైపర్లు

పుట్టినప్పటి బరువు ఐదో నెలకల్లా రెట్టింపవుతుంది, ఏడాదికి మూడింతలు. మూడు కిలోల బిడ్డకు కొన్న చొక్కా ఆరు కిలోల బిడ్డకు తల కూడా దూరదు. పసిబిడ్డకు ముందు పాతగుడ్డ తొడగాలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నేత గుడ్డ కంటే పసి చర్మానికి మంచిది ఏ షోరూములోనూ లేదు. అక్క పిల్లల బట్టలు సంచిలో ఇస్తే మొహమాటపడకుండా తీసుకోండి. బూట్లు వద్దు, నడవని బిడ్డకు ఎందుకు? చక్రాల వాకరు అసలే వద్దు. దానివల్ల దెబ్బలు తగులుతున్నాయని కెనడాలో 2004లో అమ్మకాన్నే నిషేధించారు.

డైపరు లెక్క మాత్రం నిదానంగా వేయాలి. మొదటి నెలల్లో రోజుకు ఎనిమిది, ఒక్కోటి పది రూపాయలనుకున్నా నెలకు 2,400. ఏడాది పొడవునా ఇంత ఉండదు, పెద్దయ్యేకొద్దీ సంఖ్య తగ్గుతుంది, సైజు పెరిగి ధర పెరుగుతుంది. 2025 సెప్టెంబరులో వీటి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, ఆ మేరకు కాస్త ఊరట. ఇది చూసి అత్తగార్లు వెంటనే "మా రోజుల్లో గుడ్డలతోనే గడిచింది" అంటారు. గడిచింది. ఉతికిందెవరు? గుడ్డలు వాడితే ఖర్చు లేదన్న మాట ఉతికేవాళ్ల శ్రమకు వెల కట్టనప్పుడే నిజం. పనిమనిషి ఆ గుడ్డలు ముట్టుకోనంటే అవి ఆపరేషనైన కోడలి చేతికే వస్తాయి. కుట్లు మానకముందు బకెట్టు ఎత్తిస్తే తర్వాత నడుం నొప్పికి డాక్టరు దగ్గరికి తిరగాలి, ఆ ఖర్చు గుడ్డల పద్దులో ఎవరూ రాయరు. ఇంట్లో మిషనుంటే పగలు గుడ్డలు, రాత్రికీ ప్రయాణానికీ డైపర్లు. మిషను లేదు, మనిషి లేదు అంటే మొదటి రెండు నెలలు డైపర్లే వాడండి. అత్తగారికి నేను చెప్పానని చెప్పండి.

6. పాలు, ఉగ్గు

డబ్బా పాల ప్రకటన మన దేశంలో టీవీలో కనిపించకపోవడానికి కారణం 1992 నాటి చట్టం. రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకూ, పాలసీసాలకూ ప్రకటనలు, ఉచిత శాంపిళ్లు ఇవ్వకూడదు. అయినా డబ్బా ఇంట్లోకి వస్తుంది. పాలు చాలడం లేదని మూడో రోజునే ఎవరో అంటారు. అప్పుడు పాలిచ్చే పద్ధతి నేర్పే నర్సునో కౌన్సెలర్‌నో ఒకసారి పిలిపించండి. ఆ ఫీజు ఎంతైనా కొన్ని డబ్బాల ఖరీదుకు మించదు. డాక్టరే డబ్బా పాలు రాస్తే వేరే సంగతి, అప్పుడు ఖర్చు గురించి తల్లిని దెప్పకండి.

ఆరు నెలలు దాటాక బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, రవ్వ పట్టి, మెత్తగా ఉడికించి నెయ్యి వేసి పెడితే చాలు. అంగన్‌వాడీలో పేరు రాయిస్తే ఏడో నెల నుంచి నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయకండి.

7. చుట్టాల పద్దు

ఈ పద్దు పేరు రాయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. సీమంతం, పురిటి స్నానం, బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టడం, మొదటి పుట్టినరోజు. ఏడాదిన్నరలో ఇన్ని. ఒక్కటీ బిడ్డ అడిగింది కాదు. ఇరవై ఒకటో రోజున ఇంట్లో ఉయ్యాలలో వేసి, చెవిలో పేరు చెప్పి, ముత్తయిదువులకు శనగలు తాంబూలం ఇచ్చి పంపితే బారసాలే. ఫంక్షన్ హాలులో పూల ఉయ్యాల కట్టించి, ఫొటోగ్రాఫర్ల గుంపును పెట్టి, వచ్చిన ప్రతివాళ్లకూ స్టీలు డబ్బా ఇచ్చినా బారసాలే. నేను రెండో రకానికి వ్యతిరేకిని కాను. డబ్బుంటే చేసుకోండి. బిడ్డ ఖర్చని మాత్రం రాయకండి. చుట్టాల పేరున రాస్తే అంకె కళ్లకు కనిపిస్తుంది, కనిపిస్తే తగ్గుతుంది.

ఒకటే పెద్ద వేడుక చేద్దామని రెండు ఇళ్లవాళ్లూ ముందే మాట్లాడుకోవడం మంచిది. మా వాళ్లలో ఒక జంట బారసాల ఇంట్లో చేసి, పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించి, పుట్టినరోజు మాత్రం ఘనంగా చేశారు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలకు రుసుమేమీ లేదు, బ్లేడు కూడా దేవస్థానమే ఇస్తుంది. ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు దర్శనంలో ప్రత్యేక సౌకర్యం ఉంది, వెళ్లేముందు అప్పటి నియమాలు చూసుకోండి.

చదివింపుల గురించి కూడా చెప్పాలి. ఉంగరాలు, వెండి గిన్నెలు, కవర్లలో నోట్లు వస్తాయి. కుర్రవాళ్లు దాన్ని ఆదాయంలో కలిపి హాలు ఖర్చు తేలిందనుకుంటారు. అది ఆదాయం కాదు, అప్పు. ఉంగరం పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఒకరోజు పెళ్లో పురుడో వస్తుంది, ఆనాటి బంగారం ధరకు తిరిగి పెట్టాలి. పుస్తకంలో రాసుకోండి, ఎవరు ఎంత అని గ్రాములతో సహా.

8. కాగితాలు

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆస్పత్రిలో పుడితే వాళ్లే పంపుతారు, పంపారో లేదో మీరే చూసుకోవాలి. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తకరారు ఇక్కడే మొదలవుతుంది. బిడ్డ పేరును 12 నెలల్లోపు ఉచితంగా చేర్పించొచ్చు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. అర్హత ఉన్నవాళ్లకు ప్రధానమంత్రి మాతృవందన యోజనలో తొలి బిడ్డకు 5,000 రెండు విడతలుగా, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 వస్తాయి. గర్భం నమోదు దగ్గరే మొదలుపెట్టాలి.

9. బిడ్డ పేరున పాలసీ అమ్మవచ్చే మావయ్య

ప్రతి వంశంలోనూ ఒకరుంటారు. బారసాల భోజనాలు కాగానే ఫారం తీస్తారు. ఆయనతో గొడవ వద్దు, ఒక ప్రశ్న అడగండి చాలు: ఇంట్లో సంపాదించేవాళ్ల మీద టర్మ్ పాలసీ ఉందా? లేకపోతే ఆ ఏడు మిగిలే డబ్బంతా దానికే పోవాలి. బిడ్డకు ఆదాయం లేదు, దాన్ని ఇన్సూరు చేసి ఏం లాభం? ఆడపిల్లయితే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి పెట్టండి. ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఖాతా బతికే ఉంటుంది, లక్షన్నరదాకా కట్టొచ్చు. వడ్డీని మూడు నెలలకోసారి ప్రకటిస్తారు, 2024 మొదట్లో 8.2 శాతం చేశారు. మొదటి ఏడు 250 కట్టి ఊరుకున్నా తప్పులేదు. చేతిలో డబ్బు ఉండాల్సిన ఏడాది ఇది.

10. అమ్మమ్మకో నాయనమ్మకో ఒక పద్దు

సెలవు అయిపోతుంది. బిడ్డను ఎవరు చూస్తారు? 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు క్రెష్ పెట్టాలని అదే 2017 సవరణలో ఉంది. మీ ఆఫీసులో ఉందేమో అడగండి. లేకపోతే బయట క్రెష్, లేదా ఆయా. ఆయా జీతం హైదరాబాద్‌లో ఒక చిన్న ఉద్యోగి జీతమంత ఉంది. ఆ అంకె చూశాక కాకినాడలో ఉన్న అమ్మ గుర్తొస్తుంది.

నేనూ వెళ్లాను, సంతోషంగానే వెళ్లాను. అయినా చెబుతున్నాను, నానమ్మ చాకిరీ ఉచితం కాదు. ఊళ్లో ఇల్లు తాళం వేసుకుని ఉంటుంది, కరెంటు బిల్లు, ఇంటిపన్ను ఆగవు. తాతగారు ఒక్కరే ఉండిపోతే ఆయనకు క్యారేజీ మాట్లాడాలి. బీపీ మాత్రలు, మోకాళ్ల ఆయింట్‌మెంటు, నెలకోసారి ఊరికి రైలు టికెట్టు. పెన్షను డబ్బుతో ఆవిడే కూరగాయలు కొంటూ ఉంటుంది, కొడుకు గమనించడు. నెలకు ఇంతని ఆవిడ ఖాతాలో వేసేయండి. చేతికిస్తే తీసుకోదు. ఆయా జీతంలో సగమైనా వేయండి. నెలలో నాలుగు రోజులు ఆవిడకు సెలవు ఇవ్వండి, ఆ నాలుగు రోజులూ మీరిద్దరూ చెరో రెండు రోజులు ఆఫీసు మానండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. అక్కడి 1993 నాటి కేంద్ర చట్టం ఇచ్చే 12 వారాల సెలవుకు జీతం లేదు. అందుకే ముందు అమ్మాయి తల్లిదండ్రులు ఆరు నెలలు, ఆ తర్వాత అబ్బాయి తల్లిదండ్రులు ఆరు నెలలు, విజిటర్ వీసా మీద వంతులు వేసుకుంటారు. వాళ్ల విమానం టికెట్లు రాస్తారు, వాళ్ల ఆరోగ్య బీమా రాయరు. అరవై దాటినవాళ్లకు ఆ దేశంలో ఒక్క రాత్రి ఆస్పత్రి పడితే బిడ్డ మీద ఏడాదంతా పెట్టిన ఖర్చు దాటిపోతుంది. బీమా ముందు కొనండి, టికెట్లు తర్వాత. తిరుగు టికెట్ తేదీ మాత్రం వాళ్లను అడిగి వేయించండి. జనవరిలో మంచులో కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి ఇంట్లో సంక్రాంతి గుర్తొస్తుంది, పైకి చెప్పరు.